ఐదు ఇంజన్లకు ఒకే నూనె

ఈ ఉదయం తలకు రాసుకుందామని కొబ్బరినూనె సీసా తీస్తే తెల్లగా గడ్డకట్టి ఉంది. బోర్లించినా కదల్లేదు. ఢిల్లీలో ఇరవయ్యేళ్లకు పైగా ఉంటున్నాను, ఏటా జనవరిలో ఇది జరిగేదే. పక్కింటావిడ అయితే విసుక్కుంటూ గిన్నెడు వేణ్ణీళ్లలో పెట్టేస్తుంది. నేను మాత్రం సీసాను వంచి పట్టుకుని, నాకు తెలియకుండానే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాను. మా ఆయన చూసి, "మొదలైందా మీ దేవదానం గారి టెస్టు?" అన్నాడు. మొదలైంది. సీసాను బాల్కనీలో ఎండ పడే చోట పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ నూనె కరిగేలోపు ఆయన గురించి కొంతైనా చెప్పగలనేమో చూడాలి.

దేవదానం గారు నా మొదటి ఉద్యోగంలో నా పై అధికారి. ప్రభుత్వ విత్తనాల సంస్థ ఒకదానికి నజఫ్‌గఢ్ అవతల వర్క్‌షాప్ ఉండేది. పొలాల్లో వాడే ట్రాక్టర్లు, జనరేటర్లు, పంపులు అన్నీ అక్కడికే మరమ్మత్తుకు వచ్చేవి. దానికి ఆయన సూపరింటెండెంటు. ఊరు చీరాల దగ్గర. భార్య కరుణమ్మ గారు పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆర్.కె. పురం క్వార్టర్లలో ఉండేవారు. పొట్టి మనిషి, కళ్లజోడుకు వెనకాల నల్లతాడు, ఖాకీ కోటు జేబులో ఎప్పుడూ ఒక పాత బనీను ముక్క. ఏ ఇంజను దగ్గరికి వెళ్లినా ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, దాని చివరనున్న చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, కాసేపు కళ్లు మూసుకునేవారు. అప్పుడాయన నోట్లో చిన్నగా ఏదో కీర్తన కూనిరాగం నడుస్తుండేది. అది ఆగిందంటే ఇంజన్లో ఏదో తేడా ఉన్నట్టే.

నేనా, కలెక్టర్ అవుదామని ఏలూరు నుంచి ఢిల్లీ వచ్చినదాన్ని. ముఖర్జీ నగర్‌లో కోచింగ్, రెండుసార్లు ప్రిలిమ్స్, ఒకసారి మెయిన్స్, అక్కడితో సరి. ఇంట్లోవాళ్లు ఇక వచ్చెయ్యమంటున్న సమయంలో ఒక చిన్న పరీక్ష రాస్తే ఈ స్టోర్స్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. మళ్లీ పరీక్ష రాసేదాకా తాత్కాలికం అని నాకు నేను చెప్పుకుని, మునిర్కాలో గది తీసుకుని చేరాను. చేరిన మొదటిరోజే స్టోర్‌లో వరసగా పేర్చిన ఆయిల్ డబ్బాలు చూసి, ఏదో ఒకటి అడగాలి కాబట్టి, "వీటిలో ఏది మంచిది సార్?" అన్నాను.

"ఎవరికమ్మా?" అన్నారాయన.

ఎవరికేమిటి, మంచిది మంచిదే కదా అనుకున్నాను. నాకు ఒళ్లు మండింది. చరిత్రలో యూనివర్సిటీ ఫస్టు వచ్చినదాన్ని తీసుకొచ్చి నూనె డబ్బాల మధ్య నిలబెట్టడమే కాక, పైగా ఎదురు ప్రశ్నలా? తర్వాత గమనించాను, అది ఆయన మాట్లాడే తీరు. టీ బాగుందా అని అడిగినా "ఎవరికి?" అనేవారు. మెకానిక్కులు ఆయన వెనకాల "కిస్కే లియే సాబ్" అని పిలుచుకునేవారు. ఆయనకు ఆ సంగతి తెలుసు, నవ్వుకునేవారు.

ఆఫీసు జీపులో ఇద్దరం ఒకే దారిన వెళ్లేవాళ్లం. వర్క్‌షాప్ గేటు లోపల ఆయన నాకు సార్. జీపు ధౌలా కువా దాటిందంటే అంకుల్. ఆ సరిహద్దు కూడా ఆయన పెట్టిందే. "లోపల అంకుల్ అంటే నిన్ను తిట్టాల్సొచ్చినప్పుడు నాకు నోరు రాదమ్మాయ్," అనేవారు. నిజానికి ఆయన నన్ను ఎప్పుడూ తిట్టలేదు. తిట్టి ఉంటే నా పొగరు ఇంకొంచెం ముందే దిగేదేమో.

నేను చేరిన రెండో ఏడు, మే నెలలో తాషి వచ్చాడు. మంచు కొండల్లో ఉన్న లాహౌల్‌లో, కనుమకు అవతల, మా సంస్థకు ఒక చిన్న కేంద్రం ఉండేది. బంగాళాదుంప విత్తనం అక్కడ పండించి, చలికాలమంతా కొట్టులో దాచి, వేసవిలో కిందికి పంపేవారు. కనుమ మంచుతో మూసుకుపోతే ఐదారు నెలలు మనిషి పోవడానికీ లేదు, సామాను పంపడానికీ లేదు. అక్కడ ఐదు యంత్రాలున్నాయి: ఒక ముసలి ఎర్ర ట్రాక్టరు, ఒక నీలం ట్రాక్టరు, చేత్తో నడిపే చిన్న టిల్లరు, దారిలో మంచు తోసే పెట్రోలు యంత్రం, కొత్త జనరేటరు. ఆ ఐదింటికీ కలిపి ఒకే మెకానిక్కు తాషి. నలభై దాటినవాడు. పన్నెండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. ఏటా మే నెలలో ఇంకో ఏడాదికి ఆర్డరు వస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఆ ఏడు వచ్చేట్టు లేదు. అంతకుముందు చలికాలంలో, మంచు కురుస్తున్న ఒక పొద్దున, తాషి ట్రాక్టరుకు పోయాల్సిన మందం ఆయిల్‌ను జనరేటర్లో పోశాడు. అరగంటలో ఇంజను పట్టేసింది. విత్తనం కొట్టుకు వెచ్చదనం ఇచ్చేది ఆ జనరేటరే. నాలుగు రోజులు చుట్టుపక్కల ఇళ్లవాళ్లందరి దగ్గరా కంబళ్లు, గడ్డి అడిగి తెచ్చి దుంపల మీద కప్పి, సగం విత్తనం కాపాడాడు. మిగతా సగం గడ్డకట్టి కుళ్లిపోయింది. దాని మీద విచారణకు ఢిల్లీ రమ్మన్నారు. మా వర్క్‌షాప్ బల్ల మీద టోపీ రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. కూతుళ్లిద్దరూ కులూలో హాస్టల్లో చదువుతున్నారని, ఈ పని పోతే వాళ్లను వెనక్కి పిలిపించుకోవాలని, అడక్కుండానే నాకు చెప్పాడు.

దేవదానం గారు వచ్చి అతని పక్కనే కూర్చున్నారు. "నీ షెడ్లో ఎన్ని రకాల ఆయిల్ ఉంది భాయ్?" అని హిందీలో అడిగారు.

"సాత్, సాబ్."

"డబ్బాల మీద పేర్లు?"

"నవంబరుకే పోతాయి సాబ్. డీజిల్, మంచు, చేతి తొడుగుల రాపిడి. అన్నీ ఒకేలా ఉంటాయి."

ఆయన లేచి నేరుగా డైరెక్టరు గారి గదికి వెళ్లారు. ఫైలు పట్టుకుని వెనకాల నేను. "ఐదు మిషన్లకి ఏడు రకాల నూనె పంపింది మనం సార్," అన్నారు. "చీకట్లో, మైనస్ ఇరవైలో, తొడుగులేసుకున్న చేతుల్తో ఏడింట్లోంచి ఒకటి తియ్యమంటే మీరైనా తప్పు తీస్తారు, నేనైనా తీస్తాను. తప్పు ఆ మనిషిది కాదు, సరుకు కోసం మనం రాసిన ఇండెంటుది. ఈసారి ఒకటే నూనె పంపుతాం. అప్పుడు చూడండి."

డైరెక్టరు గారు ఫైలు మూశారు. "ఠీక్ హై దేవదానం. ఒక్క చలికాలం. ఏ ఇంజను పట్టేసినా మళ్లీ అతని గురించి మాట్లాడటానికి నా దగ్గరికి రావద్దు," అన్నారు.

బయటికి వచ్చాక ఆయన నాతో అన్న మాట ఇది: "అమ్మాయ్, ఐదు మిషన్ల పుస్తకాలూ తీసి చదువు. ఏ నూనె పంపాలో నువ్వే చెప్పు." నేను స్టోర్స్ గుమాస్తాను, ఇంజనీరును కాదు. ఆ మాటే అన్నాను. "పుస్తకాలు చదవడం నీకు నాకంటే బాగా వచ్చు కదా," అన్నారు.

రెచ్చగొట్టడానికి అంతకంటే ఏం కావాలి? రెండు రోజులు కూర్చున్నాను. ఐదు పుస్తకాలు, పక్కన గళ్ల కాగితం. ప్రతి డబ్బా మీదా రెండు అంకెలు, మధ్యలో డబ్ల్యూ అక్షరం ఉంటుందని కనిపెట్టాను. పదిహేను-నలభై, ఇరవై-నలభై, ఐదు-ముప్ఫై, ఇలా. ఐదింటిలో మూడు పుస్తకాలు ఇరవై-నలభైకే మొగ్గు చూపాయి. పైగా ఇరవై అనేది ఐదు కంటే పెద్దది. పెద్ద అంకె అంటే మందం, మందం అంటే బలం. నాకు చలి అంటే ఢిల్లీ రజాయి ఒక్కటే తెలుసు. చలి ఎంత ఎక్కువైతే అంత మందం కప్పుకోవాలి కదా? నాలుగు ఆప్షన్లలోంచి ఒకటి టిక్కు పెట్టడంలో నా అంతటిది లేదనుకునేదాన్ని. మంచి చేతిరాతతో చీటీ రాసి, కింద గీత గీసి, ఆయన ముందు పెట్టాను: ఇరవై-నలభై.

ఆయన చదివారు. "చక్కగా రాశావు," అని చీటీ మడిచి కోటు జేబులో పెట్టుకున్నారు. "సోమవారం స్వెటర్ తెచ్చుకో."

జూన్ నెల. మునిర్కాలో మా గది గోడలు పొయ్యి మీద పెనంలా ఉన్నాయి. స్వెటరెందుకు అని అడగడానికి అహం అడ్డొచ్చింది. తెచ్చుకున్నాను.

ఆజాద్‌పూర్ మండీ దగ్గర ఒక సర్దార్జీకి ఐస్‌క్రీమ్ గోదాము ఉండేది. ఎప్పుడో అతని కంప్రెసర్ చెడిపోతే ఊరంతా చేతులెత్తేసిన రోజున దేవదానం గారు బాగుచేశారట. ఆ స్నేహం మీద, ముందురోజే ఏడు ఖాళీ జామ్ సీసాల్లో ఏడు రకాల ఆయిల్ పోసి ఆ గోదాములో పెట్టించారు. మేం వెళ్లేసరికి సర్దార్జీ గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. "ఆయియే మద్రాసీ సాబ్. ఆప్‌కే ఆయిల్ కీ కుల్ఫీ తయార్ హై," అన్నాడు. మేం మద్రాసీలం కాదని చెప్పబోయి, నలభై నాలుగు డిగ్రీల ఎండలో స్వెటరు తొడుక్కుంటూ నిలబడ్డ మనిషి మాట ఎవరు వింటారులే అని ఊరుకున్నాను.

లోపల మైనస్ ఇరవై. నా ముక్కు లోపలి తడి కూడా బిగుసుకుంది. దేవదానం గారు కరుణమ్మ గారి శాలువా ఒకటి తెచ్చి నా భుజాల మీద కప్పి, మొదటి సీసా నా చేతికిచ్చారు. "నీదే. ఇరవై-నలభై. వంచు."

వంచాను. ఆయన లెక్కపెట్టసాగారు, ఒకటి, రెండు, మూడు. ఇరవై దాటింది, ముప్ఫై దాటింది. నూనె అలాగే ఉంది, గడ్డకట్టిన జున్నులా. సీసా పూర్తిగా బోర్లించాను. మూత దగ్గరికి చుక్క రాలేదు. శాలువా తల మీదికి లాక్కున్నాను. చలికి సగం, సిగ్గుకు సగం.

"ఇది ఇంజన్లో కిందుంటుంది," అన్నారాయన. "తాషి తాళం తిప్పగానే పైదాకా పాకి, తిరిగే ముక్కలన్నిటికీ అందాలి. ఇదిలా కూర్చుంటే ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. పోయినేడు జరిగింది అదే."

తర్వాత ఐదో సీసా ఇచ్చారు, ఐదు-ముప్ఫై. వంచీ వంచకముందే నూనె తేనెలా సాగి, నాలుగు లెక్కపెట్టేసరికి మూతను తాకింది. అప్పుడు చెప్పారు. ఆ రెండు అంకెల్లో మొదటిది చలిలో ఎలా ఉంటుందో చెబుతుంది, రెండోది వేడెక్కాక ఎలా ఉంటుందో చెబుతుంది. మొదటి అంకె ఎంత చిన్నదైతే అంత చలిలో పారుతుంది. "నువ్వు వాటిని మార్కులనుకున్నావు," అన్నారు. వెక్కిరింపు లేదు, ఊరికే అన్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

బయటికి వచ్చి ఎండలో నిలబడ్డాక, నా పరువు కాపాడుకోవడానికి చివరి ప్రయత్నం చేశాను. "మరి మూడు పుస్తకాలు అదే చెప్పాయి కదా సార్?"

"ఇంజన్లు ఓట్లెయ్యవమ్మా. ఆ పుస్తకాలు రాసినోళ్లు మనలాగా కింద మైదానంలో కూర్చుని రాశారు. వస్తువు ఎక్కడ పనిచేస్తదో అక్కడికెళ్లి చూడాల. వెళ్లలేకపోతే ఆ చోటునే ఇక్కడికి తెచ్చుకోవాల." సర్దార్జీ ఇద్దరికీ చెరో పిస్తా కుల్ఫీ తెచ్చి ఇచ్చాడు. అది తింటూ నేను ఏడవకుండా ఉండగలిగాను.

ఏడు సీసాల్లో సరిగ్గా పారినవి రెండే. ఐదు-ముప్ఫై, ఐదు-నలభై. ఏది పంపాలో ఆయన చెప్పలేదు. నన్నే చెప్పమన్నారు. ఒకసారి పప్పులో కాలేసినదాన్ని, రెండోసారి నోరు విప్పడానికి భయం వేసింది. వారమంతా నాన్చాను. ఆదివారం కరుణమ్మ గారు భోజనానికి పిలిచారు.

వాళ్లింట్లో ఆదివారం చర్చి అయ్యాక పది పన్నెండు మంది ఉండేవారు. ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సమ్మాయిలు, ఊరి నుంచి వైద్యానికి వచ్చినవాళ్లు, కడుపులో పుండుతో బాధపడే దేవదానం గారి తల్లి. అందరికీ ఒకటే వంట. ఆ రోజు కోడి కూర చప్పగా ఉంది. గుంటూరు నుంచి వచ్చిన నర్సమ్మాయి ఒకతి మొహం ముడుచుకుని, "ఏంటాంటీ, కారం మర్చిపోయారా?" అంది.

"మర్చిపోలేదే," అన్నారు కరుణమ్మ గారు. "ఇంటిల్లిపాదికీ ఒకటే వండాలంటే ఎవరి కడుపు సున్నితమో వాళ్లని బట్టి కారం వెయ్యాల. కూర్లో ఎక్కువేస్తే అత్తయ్య ఏం తింటది? తక్కువైనోళ్లకి ఆవకాయ ఉందిగా. వేసుకో."

నేను చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుండిపోయాను. ఎదురుగా దేవదానం గారు మజ్జిగ తాగుతున్నారు. "అంకుల్," అన్నాను. "చలికి సున్నితం జనరేటరు. దాని కోసం మొదటి అంకె ఐదు ఉండాల్సిందే. వేడెక్కాక సున్నితం ముసలి ఎర్ర ట్రాక్టరు. అది అరిగిపోయిన ఇంజను, మరీ పలచనైతే నిలవదు. కాబట్టి రెండో అంకె నలభై. పెట్రోలు ఇంజన్లకూ పనికొస్తుందని ఆ డబ్బా మీద రాసి ఉంది, నేను చూశాను. అయినా ఎర్రది ఆయిల్ ఎక్కువ తాగుతుంది. దానికి రెండు డబ్బాలు అదనం. ఆవకాయ లాగా."

కీర్తన కూనిరాగం మొదలైంది. కరుణమ్మ గారు మాత్రం, "ఎర్ర ట్రాక్టరుకి ఆవకాయేంటే?" అని అడిగి, సంగతి విని, నా కంచంలో ఇంకో ముక్క వేశారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మెయిన్స్‌కు అర్హత వచ్చిన రోజున కూడా కలగలేదు.

సెప్టెంబరులో లారీ వెళ్లింది. తెల్ల డబ్బాలు, అన్నీ ఒకటే రకం. వాటితో పాటు దేవదానం గారు డ్రైవరుకు ఇంకో పని చెప్పారు. షెడ్లో మిగిలిన పాత ఆయిల్ చుక్క కూడా ఉంచకుండా కిందికి తెచ్చెయ్యాలి. "కొంచెమే కదా సార్, ఉంటే ఏమవుతుంది?" అన్నాను. "ఉంటే చెయ్యి దాని మీదికే పోతది. మంచి వస్తువు ఇవ్వడం సగం పనే. తప్పు చేసే వీలు లేకుండా చెయ్యడం మిగతా సగం," అన్నారు. తిరుగు లారీలో పాత డబ్బాలు వచ్చినప్పుడు ఒక్కొక్కటీ నాచేతనే లెక్కపెట్టించారు.

నవంబరులో కనుమ మూసుకుంది. జనవరిలో ఢిల్లీకి పొగమంచు దిగింది, లాహౌల్‌కు ఎప్పుడూ లేనంత మంచు పడిందని వార్తల్లో చెప్పారు. కేంద్రంలో ఉన్న ఒక్క ఫోను మూగబోయింది. ఒక రోజు, రెండు రోజులు, వారం. నేను పొద్దున్నే ఆఫీసుకు రాగానే చేసే మొదటి పని ఆ నంబరు తిప్పడం. తాషి టోపీ పట్టుకుని కూర్చున్న తీరే కళ్లముందు ఉండేది. నేను ఎంచిన నూనెతో అతని బతుకు ముడిపడి ఉంది. నా బుర్రలో వంద అనుమానాలు. డబ్బా మీద రాసింది అబద్ధమైతే? గోదాములో చలి సరిపోకపోతే? దేవదానం గారికి రెండు నెలల్లో రిటైర్‌మెంటు. ఆయన మామూలుగానే ఉన్నారనుకున్నాను. కానీ కరుణమ్మ గారు ఒక సాయంత్రం చెప్పారు, "ఈమధ్య రోజూ పొద్దున్నే కొబ్బరినూనె సీసా వంచి లెక్కపెడుతున్నాడే మీ అంకులు. నాకు జడ వేసుకోడానికి నూనె ఇవ్వట్లేదు."

పదకొండో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. నేనే తీశాను. గరగరమనే చప్పుడు, దాని వెనకాల తాషి గొంతు. "మేడమ్‌జీ, సబ్ చల్ రహా హై. ఐదూ. ఒక్క తాళానికే. ఎర్రది మాత్రం మీరిచ్చిన రెండో డబ్బా కూడా తాగేస్తోంది."

ఫోను దేవదానం గారి చేతికిచ్చాను. ఆయన, "జనరేటర్ దగ్గర పెట్టు," అన్నారు. తాషి రిసీవరు కిటికీ దాకా లాగి పట్టుకున్నట్టున్నాడు. ఆయన కళ్లు మూసుకున్నారు. ఒక నిమిషం గడిచింది. ఆ కీర్తన మొదలైంది. అప్పుడు ఫోను నా చెవికి ఆనించారు. డుగుడుగుమని ఒకే లయలో ఇంజను, ఎక్కడో కనుమకు అవతల. నేను ఏడ్చాను. దాచుకోలేదు. వర్క్‌షాప్ మెకానిక్కులందరూ చూశారు.

మార్చిలో ఆయన రిటైరయ్యారు. మే నెలలో తాషి ఫైలు మళ్లీ పైకి వెళ్లింది, ఈసారి పర్మనెంటు చెయ్యడానికి. అది తీసుకుని ప్రధాన కార్యాలయానికి ఆటోలో వెళ్తూ, చేతిలో ఉంది కదా అని మొదటి నుంచీ తిరగేశాను. జూన్ తేదీతో దేవదానం గారు చేత్తో రాసిన నోటు కనబడింది. పైన యంత్రాల పేర్లు, సీసాల పరీక్ష వివరాలు, ఎంచిన నూనె. చివర రెండు వరసలు:

ఎంపిక: శ్యామల, స్టోర్స్ అసిస్టెంటు.
ఇది విఫలమైతే బాధ్యత: దేవదానం, సూపరింటెండెంటు.

ఆటో ఎక్కడ ఆగిందో, ఎలా దిగానో నాకు గుర్తులేదు. జూన్‌లో రాశారు. లారీ వెళ్లకముందే. ఫోను మూగబోయిన ఆ పదకొండు రోజులూ నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్న బరువు అసలు నా పేరు మీదే లేదు.

ఆ సాయంత్రం ఆర్.కె. పురం వెళ్లాను. క్వార్టరు ఖాళీ చేస్తున్నారు. ఇల్లంతా అట్టపెట్టెలు, గోనె సంచులు. కోపంగానే అడిగాను, "అలా ఎందుకు రాశారంకుల్? నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ధైర్యంగా ఎంచేదానివి," అన్నారు. "నీకు భయం ఉండాల. భయం ఉంటేనే సీసా సరిగ్గా వంచి చూస్తావు."

"మరి నిజంగా తప్పయి ఉంటే?"

"అవలేదుగా. అమ్మాయ్, ఆ తాడు ఇటివ్వు, ఈ పెట్టె కట్టాల." తాడు ఇచ్చాను. పెట్టె కట్టాక కోటు జేబు వెతికి, మడతలు నలిగిన చీటీ ఒకటి తీసి ఇచ్చారు. నా చేతిరాత. ఇరవై-నలభై, కింద గీత. ఫైల్లో ఆ చీటీ ఎందుకు లేదో నాకప్పటికి అర్థమైంది. "దాచుకో. బాగా రాశావు కదా," అన్నారు.

నేను మళ్లీ సివిల్స్ రాయలేదు. రాయలేక కాదు, ఆ తర్వాత రాయాలనిపించలేదు. ఇప్పుడు అదే సంస్థలో కొనుగోళ్ల విభాగం నా చేతిలో ఉంది. దేవదానం గారు చీరాలలో పద్నాలుగేళ్లు హాయిగా బతికి, నాలుగేళ్ల కిందట నిద్రలోనే పోయారు. కరుణమ్మ గారు ఏటా ఆవకాయ పంపిస్తారు. తాషి రిటైరయ్యాడు. పెద్ద కూతురు కులూలో టీచరు.

మా ఆఫీసులో కొత్తగా చేరిన ప్రీతి అనే ఇంజనీరుకు పోయిన వారం ఒక పని అప్పజెప్పాను. కొండ మీది మూడు కేంద్రాలకు కొత్త బ్యాటరీలు ఎంచాలి. "మేడమ్, ఏది మంచిది?" అని హిందీలో అడిగింది. "ఎవరికి?" అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్లింది. ఆ మొహం నాకు బాగా తెలుసు. నాలుగు రోజుల తర్వాత ఎంచుకుని వచ్చింది, కొంచెం భయపడుతూనే. చూశాను, బాగానే ఉంది. తను వెళ్లాక నోటు కింద నా చేత్తో రెండు వరసలు రాశాను. మొదటి వరసలో ప్రీతి పేరు. రెండో వరసలో నా పేరు. ఫైలు మూసి పంపేశాను. ఆ అమ్మాయికి చెప్పలేదు, చెప్పను కూడా.

ఎండ బాల్కనీ గోడ దాటింది. సీసాలో నూనె అంచుల్లో కరిగి, తెల్లటి ముద్ద మధ్యలో తేలుతోంది. వంచి చూశాను. తొమ్మిది లెక్కపెట్టేసరికి మూతను తాకింది.